డ్రైవరు పీట

డెబ్భైల్లో వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారం చేసే మా పెదనాన్న ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. ఆదివారం కారు కడిగిస్తున్నంతసేపూ అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని చూసేవాడు.

మోకాళ్ళ నొప్పులతో గొంతుక్కూర్చోలేక, ముసలి డ్రైవరు ఒకసారి చిన్న పీట తెచ్చుకుని దాని మీద కూర్చుని చక్రాలు తుడవసాగాడు.

"నా ఎదురుగా కూర్చుంటావేంట్రా?" అని పెదనాన్న ఆ పీటను నీళ్ళపొయ్యిలో పెట్టించాడు.

డ్రైవరు గొంతుక్కూర్చునే పని ముగించాడు గానీ వెంటనే లేవలేకపోయాడు. చివరికి కారు తలుపు పట్టుకుని లేచాడు.

"లేవలేనోడివి, బ్రేకేం తొక్కుతావు? రేపట్నించి రామాక."

"చిత్తమండీ," అని డ్రైవరు తాళాలు అరుగు మీద పెట్టాడు.

పెదనాన్న కారు వైపు చూశాడు. "నువ్వు పట్టుకున్నచోట మరక పడింది. తుడిచి వెళ్ళు."

అతను భుజం మీది తువ్వాలుతో తలుపు తుడిచి వెళ్ళిపోయాడు.