లిఫ్టులో నేర్చుకున్న ఇంగ్లీషు

గోడలకు చెవులుంటాయంటారు. ఆ ఆసుపత్రిలో లిఫ్టుకు ఉండేవి. అవి లిఫ్టు నడిపే మనిషివి. ఇరవై రెండేళ్ళుగా చిన్న స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కుతూ, డాక్టర్లు ఇంగ్లీషులో ఏం మాట్లాడుకున్నా వినేవాడు. బడిలో ఆ భాష ముక్క కూడా ఒంటబట్టలేదు. కానీ రోగికి ముందుముందు ఏమవుతుందని డాక్టర్లు అనుకుంటున్నారో చెప్పే మాటలు మాత్రం ఆయనకు కొట్టినపిండి. నర్సులు "డిక్షనరీ బాబాయ్" అని పేరు పెట్టారు.

"ఎక్స్‌పెక్ట్" అన్నారంటే నిశ్చింత. పక్కన వారం పేరు కూడా చేర్చారంటే బట్టలు సర్దుకోవచ్చు. "వెయిట్ అండ్ సీ" అంటే వాళ్ళకే తెలీదు. "యాంటిసిపేట్" అంటే ఏదో చిక్కు వస్తుందని ముందే నడుం కట్టారు. ఇక "హోప్" అంటే అయినవాళ్ళకు కబురు పెట్టుకోవడమే. చెయ్యగలిగిందంతా అయిపోయాకే డాక్టరు నోట ఆ మాట వస్తుందని ఆయన నమ్మకం. బిక్కమొహాలతో బంధువులు అర్థం అడిగితే దాచకుండా చెప్పేసేవాడు. ఒకసారి ఒక ముసలాయన "హోప్" అర్థం విని లిఫ్టులోనే కూలబడ్డాడు. "నేను కల్పించానా? వాళ్ళన్నదే చెప్పాను" అని మన డిక్షనరీ చేతులు దులుపుకున్నాడు. సాయంత్రం ఇంటికెళ్ళి, విన్న మాటలూ వాటి ఫలితాలూ భార్యకు అప్పజెప్పేవాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ వినేది.

ఆ భార్యకే గుండెలో కవాటం చెడి, అక్కడే ఆపరేషన్ చేశారు. మూడోరోజు జ్వరం పట్టుకుంది. మందులు మార్చినా దిగలేదు.

ఆ పొద్దున ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరూ, ఆయన దగ్గర పనిచేసే చిన్న డాక్టరమ్మా లిఫ్టెక్కారు. ఈయన చెవులు రిక్కించాడు. పెద్ద డాక్టరు గొంతు సవరించుకుని, తలుపుతో చెబుతున్నట్టు, "వి ఎక్స్‌పెక్ట్ టు సెండ్ హర్ హోమ్ ఆన్ థర్స్‌డే" అన్నాడు.

బంగారంలాంటి మాట, వారంతో సహా. ఎగిరి గంతెయ్యాలి కదా? ఈయన ఒళ్ళు చల్లబడింది. ఎప్పుడూ గొణిగే డాక్టరు ఇవాళ ఇంత స్పష్టంగా మాట్లాడాడేం? గలగలమనే డాక్టరమ్మ తన చెప్పుల వంక చూసుకుంటోందేం? పైగా రెండో అంతస్తులో దిగాల్సినవాళ్ళు మూడు దాకా వచ్చి, మెట్ల మీదుగా కిందికి వెళ్ళారు.

అనుమానం పెనుభూతం. మధ్యాహ్నం నర్సు ఎదురొచ్చి, "గురువారమేగా బాబాయ్!" అంది.

"నిన్నెవరడిగారమ్మా?" అన్నాడు.

ఆ వెనకే వార్డు తుడిచే ఆయా నవ్వుతూ, "ఎస్పెట్టంట కదా అన్నా!" అంది. చీపురు పట్టే మనిషికి ఈ ఇంగ్లీషు ఎప్పుడొచ్చింది? ఎవరో అందరికీ ఒకే పాఠం చెప్పారు. ఈయన అర్థాలు చెబుతాడని ఆసుపత్రంతా ఎరుగు. కానీ పక్కన వారం పేరు చేరితేగానీ ఈయనకు నమ్మకం కుదరదని తెలిసిన మనిషి ఒక్కరే.

సాయంత్రం భార్య మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏమన్నారు?" అంది ఆవిడ నీరసంగా.

"ఎక్స్‌పెక్ట్ అన్నారు. గురువారం కూడా కలిపారు."

"మంచిదేగా. అన్నం తిన్నారా మరి?"

"నువ్వే చెప్పించావు కదూ?"

ఆవిడ దుప్పటి అంచు సర్దుకుంది. "మూడ్రోజులుగా మీకు ముద్ద దిగట్లేదని ఆయా చెప్పింది. ఆ మాట వింటేనన్నా తింటారని డాక్టరుగార్ని బతిమాలాను."

"ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా!" ఆయనకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "అసలు నీతో ఏమన్నారు?"

ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

"హోప్ అన్నారు."

లిఫ్టులో కూలబడ్డ ముసలాయన గుర్తొచ్చాడు. ఎంతమందికి ఎంత తేలిగ్గా చెప్పాడో తలుచుకుంటే సిగ్గేసింది, భయమేసింది.

"దానికి మీరు చెప్పే అర్థం నాకు తెలుసు. ఇంకోటేమన్నా ఉంటే చెప్పండి" అంది ఆవిడ.

ఎంత వెతికినా దొరకలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఇంకా కాలుతోంది.

మర్నాడు కింద లిఫ్టులోకి ఫ్లాస్కు పట్టుకుని ఒకావిడ ఎక్కి, నాలుగో అంతస్తు అంది. "మా ఆయన గురించి డాక్టరుగారు హోప్ అన్నారండీ. మీరైతే చెబుతారన్నారు. అంటే ఏంటి?"

మీట మీదికి వెళ్ళిన వేలు ఆగిపోయింది.

"మాకూ అదే అన్నారమ్మా" అన్నాడు. లేచి స్టూలు ఆవిడ వైపు జరిపి, నాలుగు నొక్కాడు.