ఎముకల కింద చామంతులు

ఏలియాకు మనిషి కనబడితే చాలు, నమస్కారం కంటే ముందు నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే: "మీ ఇంట్ల పాత ఎక్స్‌రేలున్నయా?" పెళ్లి పందిట్లో అడిగాడు. రేషన్ షాపు వరుసలో అడిగాడు. ఒకసారి బాప్తిస్మం ఇస్తున్న పాస్టరుగారిని, ఆయన నడుము లోతు నీళ్లలో ఉండగానే అడిగాడు. ఆ రోజు ఏలియా భార్య సారమ్మ కొంగు మొహం మీదికి లాక్కుని చర్చి వెనక గేటు నుంచి ఇల్లు చేరింది.

సంగతేమిటంటే, మట్టెవాడలో వాళ్ల ఇంటి వెనక ఒక పాత గ్రీన్‌హౌస్ ఉంది. ఇనుప గొట్టాలు గట్టివే. పైనున్న ప్లాస్టిక్ మాత్రం ఎండకు పెళుసెక్కి, వడగళ్లకు తునాతునకలైంది. లోపల సారమ్మ పెంచే తెల్ల చామంతులు. సమాధుల పండుగకు ఆ వాడలోని క్రైస్తవుల సమాధుల మీదికి పూలు ఆమె చేతి నుంచే వెళ్తాయి. ఆ ఏడు కొత్త సమాధులు చాలానే లేచాయి. మొగ్గలు వానకు కుళ్లితే ఆ ఇళ్లవాళ్లకు ఏం మొహం చూపించాలని ఆమె దిగులు.

చవకగా కప్పు వేసే దారులు చెప్పడానికి మనుషులకు కొదవేముంది. ఒకరు పాత ఫ్లెక్సీలన్నారు. వాటిలోంచి వెలుతురు సరిగా దిగదు. ఇంకొకరు పాత చీరలన్నారు. అవి వానను ఆపవు. ఏలియా మాత్రం ఎక్స్‌రేలన్నాడు.

"బ్లీచింగ్ నీళ్లల్ల నానేస్తే నలుపంత పోతది సారా. అద్దం లెక్కయితది. ఒక్క పైస ఖర్చు లేదు."

కొన్ని నిజంగానే అద్దంలా అయ్యాయి. ఆయన రుద్దుడు అంతంత మాత్రం కాబట్టి, ఒక మూల మోకాలు, ఇంకో మూల పక్కటెముకలు మిగిలిపోయాయి. పక్కింటి రాజమల్లు తొంగిచూసి, "ఇది నా నడుమే, గీ వంకర నాదే," అని గుర్తుపట్టాడు. అప్పట్నుంచి రోజూ వచ్చి, తన నడుము కింద మొక్కలు ఎట్లా ఉన్నాయో చూసుకుని పోయేవాడు.

"పూలకు కప్పెయ్యమంటే వల్లకాడు కట్టిండు," అని సారమ్మ నెత్తి కొట్టుకుంది.

కప్పు సగమైనా నిండకముందే ముసురు పట్టింది. సారమ్మ ఇక ఆగలేదు. మొగుడు బయటికి పోయిన సమయం చూసి చెల్లెలి కొడుకు ప్రశాంత్‌ను పిలిపించింది. అతడు తెల్ల పాలిథిన్ షీటు తెచ్చి, ఆ ఎముకల మీదుగానే గొట్టాలకు బిగించేశాడు. ఏలియా వచ్చి షీటును తట్టి చూశాడు. సారమ్మ తిట్లకు సిద్ధపడింది.

"మంచిగ గుంజి కట్టినవురా," అన్నాడు ఏలియా. చాయ తాగి, సంచీ భుజాన వేసుకుని మళ్లీ లేచాడు.

"యాడికి?" అంది సారమ్మ.

"శోభారాణి ఇంటికి. ఎక్స్‌రేలు అడగాలె."

"కప్పు అయిపాయె గదా. ఇంకా ఏం జేస్కుంటవు, కూర వండుకుంటవా?"

ఆయన చెప్పులేసుకున్నాడు. ఈ పిచ్చి ఎక్కడిదాకా పోతుందో చూద్దామని ఆమె కూడా వెంట నడిచింది.

శోభారాణి భర్త రమాకాంత్ ఎండాకాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఇంట్లో ఇప్పుడు ఆమె, అత్త సమ్మమ్మ. తలుపు వెనక మేకుకు అతని ఎక్స్‌రేలున్న దవాఖాన కవరు ఇంకా వేలాడుతూనే ఉంది.

"మా అత్త రోజూ పొద్దుగాల తీసి ఎండకు వట్టి చూస్తది, చిన్నత్తా," అని శోభారాణి సారమ్మ చెవిలో చెప్పింది. "కొడుక్కు యాడ చెడ్డదో ఎతుకుతది. దాస్తే ఏడుస్తది. పారేద్దమంటే నాకే చెయ్యొస్తలేదు."

సారమ్మకు అప్పుడు తట్టింది. ఏలియా పట్టుబట్టి తిరిగిన ఇళ్లు చాలామటుకు ఏడ్చిన ఇళ్లే. పారేయలేని మనుషులు కూడా, ఒక పనికని అడిగితే ఇస్తారు. ఊరందరినీ అడిగేది కూడా, ఇట్లాంటి గడపల్లో ఆ మాట మామూలుగా వినబడాలనే.

"అక్కా, నా కప్పుకు జర తక్కువ పడ్డయ్. ఇయ్యరాదూ," అని ఏలియా బతిమాలుతున్నాడు.

సమ్మమ్మ కవరును ఒళ్లోకి తీసుకుంది. "కప్పుకు కొత్త షీటేసిండ్రట గదా తమ్మీ. రాజమల్లు చెప్పిండు. ఇగ నీకెందుకు?"

ఏలియా భుజాన సంచీ సర్దుకుని సారమ్మ వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగి బొంకని సారమ్మ ముందుకు వంగింది.

"అది చినిగిపాయె వదినా. ఇంత పొక్క పడ్డది. నువ్వియ్యకుంటే మొగ్గలన్ని కుళ్లిపోతయ్."

సమ్మమ్మ ఆమె మొహంలోకి చూసింది. "కడుగుతరా? నలుపంత పోవాలె."

"పోతది. నేను దగ్గరుండి రుద్దిపిస్త."

ముసలమ్మ కవరు ఇచ్చేసి కోడలిని చాయ పెట్టమంది. చిన్నప్పుడు రమాకాంత్ మేడారం జాతరలో తప్పిపోయి, బెల్లం కుప్ప పక్కన నిద్రపోతూ దొరికిన ముచ్చట చెప్పింది. చెబుతూ నవ్వింది. జబ్బు ఊసే రాలేదు.

"బొంకినవు సారా," అన్నాడు ఏలియా తోవలో.

"నీతోని తిరిగితే ఇంకేమైతది," అంది సారమ్మ.

ఇంటికి రాగానే ఆమె కత్తెర పట్టుకుని గ్రీన్‌హౌస్‌లో దూరింది. ఎక్స్‌రేలు లేని చోట, సరిగ్గా తన చామంతుల నెత్తిమీద, కొత్త షీటుకు పెద్ద చిల్లు పెట్టింది.

"ఓ పిచ్చిదానా, ఏం జేస్తానవు?"

"రేపు ఆదివారం. అబద్ధం నోట్ల వెట్టుకుని చర్చిల పాట పాడలేను. చినిగిందన్న, చింపిన. నువ్వు పోయి అవి కడుగు. మంచిగ రుద్దు."

అప్పుడే వాన అందుకుంది. ఏలియా కవరు చంకన పెట్టుకుని బ్లీచింగ్ తొట్టి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన వచ్చేదాకా సారమ్మ ఆ చిల్లు కింద, తాను తడుస్తూ, పూలకు గొడుగు పట్టుకుని నిలబడింది.