పోతులు లేని తాళ్లు

నా కుడిచేతికి రెండు వేళ్లు లేవు. నరికింది మా అన్నే. తప్పు మాత్రం నాది.

మా బాపు కల్లు గీసేవాడు. మోకాళ్లు పట్టేసి చెట్టెక్కలేకపోయిన ఏడాది, గట్టు మీది పన్నెండు తాళ్లను, అంటే తాటిచెట్లను, మాకు పంచబోయాడు. ఆరు కాసేవి, ఆరు పోతులు. పోతుతాడు పూస్తుంది, కాయదు. చెరి సగం అంటే నేను ఒప్పుకోలేదు. ఎండాకాలం సిద్దిపేట బస్టాండు ముందర ముంజలకు ఎంత గిరాకీ! కాసేవన్నీ నాకే కావాలన్నాను.

"జోడి ఇడగొట్టకురా. పోతు పుప్పొడి గాలికి వస్తెనే కాయ కట్టేది," అన్నాడు బాపు.

"ఊర్ల ఇంకెవ్వలకు పోతులు లేవా?" అన్నాను. చుట్టుపక్కల తాళ్లన్నీ ప్లాట్ల కోసం ఎప్పుడో కూల్చేశారన్న సంగతి ఆశలో గుర్తుకే రాలేదు.

అన్న నెమ్మదస్తుడు, పోతులతో సరిపెట్టుకున్నాడు. నా నోరు ఊరుకుంటేనా! కల్లు అమ్మే మండువ దగ్గర పదిమందిలో, "మా అన్న గొడ్డు చెట్లకు కావలి ఉంటడు," అన్నాను. అన్నకు పిల్లలు లేరు. ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను.

తెల్లారేసరికి గట్టు మీద రంపం మిషన్ అరుస్తోంది. నేను ఉరికేసరికి ఐదు పోతులు నేల మీదున్నాయి, ఆరోదాన్ని అన్న పడగొడుతున్నాడు. రాయి తీసి విసిరాను. అన్న నొసలు పగిలి నెత్తురు కళ్లలోకి కారింది. గొడ్డలెత్తి మీదికొచ్చాడు. చేయి అడ్డం పెట్టాను. బాపు మా మధ్యన పడి, "నన్ను నరుకుండ్రిరా!" అని నెత్తి కొట్టుకున్నాడు. నా వేళ్లు తాటిమట్టల కింద దొరికాయి.

మరుసటి ఎండాకాలం నా ఆరు చెట్లకు ఒక్క ముంజ లేదు. గెలలు పూసి, పిందెలు నల్లబడి రాలాయి. రెండో ఏడూ అంతే. చెట్లను తిట్టాను, తన్నాను, ఆఖరికి వాటి కిందే కూర్చుని ఏడ్చాను. బిడ్డ ఫీజు, ఇంటి ఖర్చు అన్నీ ఆ కాయల మీదే.

మూడో ఏడు పూత వేళకు కొమురవెల్లి దిక్కు నుంచి పోతుపూల గెలలు కోయించి తెచ్చాను. చెట్టెక్కి వాటిని నా చెట్ల పూత మీద దులపాలి. నడుముకు చుట్టి చెట్టెక్కే మోకును ఎనిమిది వేళ్లతో పట్టలేను. ఊళ్లో గీసేవాళ్లంతా ఒకటే మాట: "మీ అన్నను అడుగుపో."

గెలలు భుజానేసుకుని అన్న వాకిట్లో నిలబడ్డాను. అతని నొసట నేను పెట్టిన మచ్చ.

"తప్పయింది అన్నా. గా మాట అనొద్దుండె."

అన్న లేచి వచ్చి చెంప మీద ఒక్కటి పీకాడు. కళ్లు బైర్లు కమ్మాయి. రెండో దెబ్బకు చేయెత్తి, నా తెగిన వేళ్లు చూసి ఆగాడు.

"మోకు ఏదిరా?" అన్నాడు.