మార్షల్ గారు మూత ఎత్తారు

మా మార్షల్ గాసియన్ ద మోర్వాల్ గారికి ఒక్కటే జబ్బు. పొయ్యి మీద మూత పెట్టిన గిన్నె కనబడితే, ఆ మూత ఎత్తి లోపలున్నది ఒక గుక్క రుచి చూడనిదే ఆయన అడుగు ముందుకు పడదు. ఎవరి పొయ్యి, ఎవరి గిన్నె అన్న పట్టింపులు లేవు. ఇరవై రెండేళ్లు ఆయన దగ్గర ఆర్డర్లీగా నేను చేసిన ఉద్యోగమూ ఒక్కటే. కత్తి ఆయనే మోసుకునేవారు, నేను చెక్క గరిటె మోసేవాణ్ణి.

నల్లసముద్రం ఒడ్డున కోట పట్టుకున్న రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. అందరికంటే ముందు బురుజెక్కింది ఆయనే. భుజంలో గుండు దిగబడి, నెత్తురు కారి బూటులోకి చేరుతోంది. శత్రువులు వదిలేసి పారిపోయిన గంగాళం ఒకటి అక్కడ ఇంకా కుతకుతలాడుతోంది. వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి, "నికేజ్, గరిటె" అన్నారు. రుచి చూసి, "ఉప్పు లేదురా. వారం నుంచీ లేనట్టుంది. పాపం, ఇన్నాళ్లు ఎలా నిలబడ్డారో" అన్నారు. డాక్టరు గుండు పెకలిస్తున్నంతసేపూ కిక్కురుమనలేదు గానీ, ఆ ఉప్పు సంగతి మాత్రం మూడుసార్లు చెప్పారు.

ఆయన మొహమాటానికి కూడా సూపు బాగుందని అనరు. ఓ బిషప్ గారు ప్రేమగా భోజనానికి పిలిస్తే, వంటింట్లోకి వెళ్లి మూత ఎత్తి, "స్వామీ, మీరు క్షమించినా ఈ సూపును దేవుడు క్షమించడు" అనేశారు. అంతటితో ఆ భోజనం అయిపోయింది. మేమిద్దరం దారిలో రొట్టె కొనుక్కుని తిన్నాం.

ఇంతలో దేశంలో రాజు కావాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ జుట్లు పట్టుకుని, ఎటూ తేలక, చివరికి ఎవరి మనిషీ కాని మా మార్షల్ గారిని తీసుకెళ్లి ఫ్రాన్సు అధ్యక్షుడి కుర్చీలో కూర్చోబెట్టారు. ఇక గరిటెకు సెలవు దొరికినట్టే అనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి!

మొదటి విందులోనే రాయబారుల మధ్యనుంచి అధ్యక్షులు మాయమయ్యారు. వంటింట్లో దొరికారు. పదకొండు గిన్నెల మూతలు వరసగా నేలమీద ఉన్నాయి. పెద్ద వంటవాడు ఆన్సెల్మ్ ఆ ఏడాది తొమ్మిదిసార్లు రాజీనామా ఇచ్చాడు. ఇచ్చినప్పుడల్లా మార్షల్ గారు దాన్ని శ్రద్ధగా చదివి, జేబులో పెట్టుకుని, పక్క గిన్నె మూత ఎత్తేవారు.

ఇక నార్మండీ పర్యటన సంగతి. మేయరు గారు ఉపన్యాసం మూడో పేజీలో ఉండగా, ఎదురింటి తలుపులోంచి పొగ కనిపించింది. బండి దిగి చక్కాపోయారు. మేయరు, బ్యాండుమేళం, నేను వెనకాల పరుగు. లోపల పెద్ద గంగాళం ముందు ఒకావిడ నిలబడి ఉంది. మూత ఎత్తారు, గరిటె ముంచారు, గుక్క మింగారు. అది చాకిరేవు నీళ్లు. బూడిదవేసి ఊరిలో సగంమంది దుప్పట్లు ఉడకబెడుతోంది ఆవిడ.

"బూడిద కాస్త ఎక్కువైందమ్మా" అన్నారు మార్షల్ గారు, కళ్లనీళ్లు తుడుచుకుంటూ.

"మా అత్త కూడా అదే అంటదయ్యా" అని ఆవిడ కొట్టిపారేసింది.

వారం తిరక్కుండా పత్రికల్లో బొమ్మ పడింది. నెత్తిన గంగాళం, చేతిలో గరిటె, పొట్ట పీపాలా ఉబ్బిన మార్షల్ గారు. ఆయన భార్య మదామ్ ఎలియనోర్ ఆ కాగితం బల్లమీద పడేసి, దేశమంతా మిమ్మల్ని తిండిపోతు అంటోంది, నాకు తల కొట్టేసినట్టుంది అని కంటతడి పెట్టారు. ఈయన తాపీగా, "ఇది అన్ని ఊళ్లకీ వెళ్తుందా?" అని అడిగారు. వెళ్తుందంటే సంతోషించారు. అప్పుడు నాకూ ఆయన మతి మీద అనుమానం వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫుల్జాన్స్ కార్బిలే అనే సిపాయి ఫైలు వచ్చింది. కొండల్లో గొర్రెలు కాసుకునేవాడు, పెళ్లాం పిల్లలున్నవాడు. డ్యూటీలో ఉన్న కెప్టెన్ మొహాన సూపు గిన్నె విసిరాడు. అందుకు మరణశిక్ష. శనివారం పొద్దున్నే కాల్చేస్తారు. ఆపగలిగింది అధ్యక్షుడి సంతకం ఒక్కటే.

నాకు ఆశ లేదు. పై అధికారి మీద చెయ్యెత్తినవాణ్ణి మార్షల్ గారు జీవితంలో ఒక్కసారీ క్షమించలేదు. యుద్ధమంత్రి కూడా ఆ ధైర్యంతోనే శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి వచ్చాడు. క్షమిస్తే రేపు సైన్యంలో ఎవడూ మాట వినడని చెప్పాడు. మార్షల్ గారు తల ఊపారు. ఫైలు నలభై పేజీలూ రెండుసార్లు చదివారు. చదివి, ఒక్క ప్రశ్న వేశారు.

"సూపు ఎవరు రుచి చూశారు?"

మంత్రి ఫైలు తీసుకుని పేజీలు తిరగేశాడు. సైన్యంలో పద్ధతి ఏమిటంటే, ఆ వారం డ్యూటీ ఆఫీసరు గంగాళంలోంచి ముందు ఒక గుక్క తాగాలి. బాగుందని ఆయన అన్నాకే సిపాయిలకు వడ్డన. నలభై పేజీల్లో ఆ గుక్క ఎక్కడా లేదు.

పదింటికల్లా మంత్రితో సహా మేం ఆ సిపాయి ఉండే బ్యారక్‌లో ఉన్నాం. అది సూపు వేళ. మార్షల్ గారు తిన్నగా వంటింట్లోకి నడిచి మూత ఎత్తారు. ఆ వాసనకు నేను రెండడుగులు వెనక్కి వేశాను. కుళ్లిన క్యాబేజీ, నీళ్లు, అంతే. గుండీలు పెట్టుకుంటూ ఆ కెప్టెనే పరిగెత్తుకొచ్చాడు. వారం వారం మారాల్సిన డ్యూటీని అందరి బదులూ తనే చేస్తున్నాడట. మార్షల్ గారు గరిటె నింపి మర్యాదగా ఆయన చేతికిచ్చారు.

"రుచి చూడండి కెప్టెన్ గారూ."

"అబ్బే, ఇది... సిపాయిల సూపు కదండీ" అన్నాడు కెప్టెన్.

మార్షల్ గారు ఒక గిన్నె నింపించుకుని, నిలబడి, చివరి చుక్కదాకా తాగారు. నేను ఫిరంగుల ముందు ఆయన్ని చూశాను. ఆ రోజే ఎక్కువ భయమేసింది.

వంట సార్జెంటు బార్నబే గోడ దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు. గోడకు ఆ పత్రిక బొమ్మ అంటించి ఉంది. "మీరు ఎప్పుడు ఏ మూత ఎత్తుతారోనన్న భయంతో ఇన్నేళ్లూ ప్రతి గంగాళంలో మాంసం పడిందండీ. అధ్యక్షులయ్యారు, ఇంకెక్కడొస్తారని కెప్టెన్ గారు మాంసం డబ్బులు జేబులో వేసుకున్నారు. ఈ బొమ్మ చూపించి, ఇంకా ఎత్తుతూనే ఉన్నారండీ అని మొత్తుకున్నాను. నవ్వారు."

అప్పుడు వెలిగింది నా బుర్రలో. ఇరవై రెండేళ్లు గరిటె మోశాను గానీ, ఎందుకు మోస్తున్నానో తెలియలేదు. రాయబారుల విందులో, బిషప్ ఇంట్లో, ఆఖరికి ఆ చాకిరేవులో కూడా ఆయన తన పరువు తీసుకుంటూ, లక్షమంది సిపాయిల గిన్నెలకు కాపలా కాశారు. నా చేతిలోని గరిటెకు దణ్ణం పెట్టుకోవాలనిపించింది.

మంత్రి మాత్రం నేరం నేరమేనన్నాడు.

"నేరమే. డ్యూటీలో ఉన్న అధికారిని కొడితే చావు, లేనివాణ్ణి కొడితే చిన్న శిక్ష. చట్టం మీదే" అన్నారు మార్షల్ గారు. "రుచి చూడని ఆఫీసరు ఇంకా డ్యూటీ ఎక్కలేదు. ఆ ఫుల్జాన్స్‌ని రెండు నెలలు ఈ వంటింట్లో పనిచెయ్యమనండి. చూద్దాం, వాడేం వండుతాడో."

అక్కడే గరిటె కడిగే నీళ్ల తొట్టి గట్టు మీద కాగితం పెట్టి సంతకం చేశారు. తర్వాత మూడు రోజులు కడుపు పట్టుకుని మంచం దిగలేదు. మదామ్ ఎలియనోర్ పక్కనే కూర్చుని, తిట్టడం మాని, ఆయన చెయ్యి పట్టుకుని ఉండిపోయారు.

నెల తర్వాత చెప్పాపెట్టకుండా ఆ బ్యారక్‌కే వెళ్లాం. కొత్త కెప్టెన్ ముందే రుచి చూసి, ఎందుకో గోడవైపు తిరిగి నిలబడ్డాడు. గంగాళం పక్కన ఫుల్జాన్స్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మాంసం దండిగా ఉంది. మాడిపోయి ఉంది. ఉప్పు ఎవరో బస్తాతో గుమ్మరించినట్టుంది. మార్షల్ గారు గుక్క నోట్లో వేసుకున్నారు. మీసాలు ఒక్కసారి అదిరాయి. ఆ సిపాయి మొహంలోకి చాలాసేపు చూశారు.

"బాగుందిరా" అన్నారు.

అని, మళ్లీ గరిటె ముంచారు.