సిస్టరమ్మ ఓడ, డ్రైవర్ సాబ్ ఓడ

1994 జూన్‌లో నన్ను సివిల్ అసిస్టెంట్ సర్జన్ హోదాలో మక్తల్ సర్కారు దవాఖానకు బదిలీ చేశారు. ఈ హోదా పేరులో సర్జన్ ఉంటాడు గానీ పనిలో జ్వరాలు, విరేచనాలు, తేలుకాట్లు, పోస్టుమార్టాలు, కోర్టు సాక్ష్యాలు ఉంటాయి. కత్తి పట్టే అవసరం ఎప్పుడో గానీ రాదు. నేను మోత్కూరు వాణ్ణి. చదువంతా హైదరాబాదులో సాగింది. అప్పటికి సముద్రాన్ని చూసి ఎరగను. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే ఆ మరుసటి ఏడు, ఏ ఓడ మంచిదో తేల్చి చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది.

కాగితాల మీద దవాఖానకు అధికారిని నేనే అయినా దాన్ని నడిపింది హెడ్ నర్సు సుగుణమ్మ. కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టి, నర్సింగు చదివి, పాలమూరు జిల్లాలో అరడజను ఊళ్లు తిరిగి ఆ స్థానానికి వచ్చిన మనిషి. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అనేది. వార్డులోకి ఆమె వస్తుంటే రోగుల బంధువులు బీడీలు ఆర్పి లేచి నిలబడేవారు. నేను వస్తే బీడీలు మాత్రమే ఆర్పేవారు.

ఆమె భర్త దేవదానం ఆర్టీసీలో డ్రైవరు. రాయచూరు రోడ్డు మీద బస్సు నడిపేవాడు. గుంతలకు పేరుపడ్డ ఆ రోడ్డు మీద కూడా టీ గ్లాసు ఒలకకుండా నడుపుతాడని చెప్పుకునేవారు. ప్రయాణికుల్లో ఎవరైనా వాంతి చేసుకుంటే మాత్రం బస్సు పక్కకు ఆపి, వాళ్లను కిందికి దించి, ఎట్లా కూర్చోవాలో ఏం తినకూడదో ఉపన్యాసం చెప్పి మళ్లీ ఎక్కించుకునేవాడు.

ఆ దంపతులు అంతకు రెండేళ్ల ముందు మద్రాసులో ఓడ ఎక్కి అండమాన్ వెళ్లి వచ్చారు. సుగుణమ్మ చిన్నమ్మ కూతురు అక్కడ ఉండేది. ఆ ప్రయాణం గురించి ఊళ్లో రెండు కథలు వినిపించేవి. సుగుణమ్మ చెప్పే కథలో సిరా లాంటి నీళ్లు, ఎగిరే చేపలు, ఎటు చూసినా అడ్డం లేని ఆకాశం ఉండేవి. దేవదానం కథలో సాంబారు ఒక్కటే ఉండేది. ఓడలో సాంబారు పాడైందనీ, అందువల్ల తాను పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మంచం దిగలేదనీ చెప్పేవాడు. పోయేటప్పటి సాంబారు వచ్చేటప్పుడు కూడా ఎట్లా పాడైందని ఎవరూ అడగలేదు.

1995 వానాకాలంలో, రాబోయే చలికాలపు సెలవులకు మళ్లీ ఓడ ఎక్కాలని సుగుణమ్మ నిశ్చయించింది. విచారిస్తే రెండు ఓడలు తేలాయి. ఒకటి కొచ్చిన్‌లో బయలుదేరి అరేబియా సముద్రంలోని దీవులకు పోయే పెద్ద ఓడ. రాత్రిళ్లు ఓడలోనే పడక, పగలు రోజుకొక దీవిలో దిగి చూడడం. రెండోది బొంబాయి నుంచి గోవాకు పోయే వేగం పడవ. పొద్దున ఎక్కితే సాయంత్రానికి దిగవచ్చు. లోపల లగ్జరీ బస్సులో మాదిరిగా వరస సీట్లు. మొదటిది సిస్టరమ్మకు నచ్చింది, రెండోది దేవదానానికి. రెంటికీ రాయచూరులోనే రైలు ఎక్కాలి. ఇటు పోయే బండి ఎక్కితే బొంబాయి, అటు పోయే బండి ఎక్కితే కొచ్చిన్ దారి.

రెండు ఓడల రంగుల బొమ్మల పుస్తకాలు డ్రెస్సింగ్ రూముకు చేరాయి. దూది ఉండలు చుడుతూ సిబ్బంది రెండు పక్షాలుగా చీలారు. ఆయాలు సిస్టరమ్మ ఓడ వైపు, వార్డుబాయ్‌లు డ్రైవర్ సాబ్ ఓడ వైపు నిలబడ్డారు. కాంపౌండరు ఖాజా సాబ్ తండ్రి పాతకాలంలో బొంబాయి నుంచి జహాజులో హజ్‌కు వెళ్లి వచ్చినవాడు. ఆ హక్కుతో ఖాజా సాబ్ ఎటూ చేరకుండా, ఏ జహాజు ఎక్కినా నడుమ జాగా పట్టుకోవాలనీ, నిమ్మకాయ ఊరగాయ వెంట ఉండాలనీ అందరికీ చెప్పేవాడు. కాలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చిన ఒక ముసలి రైతును కూడా ఎవరో అభిప్రాయం అడిగారు. ఆయన రెండు బొమ్మలూ శ్రద్ధగా చూసి, "ఏ దిక్కు నీళ్లు ఎక్కువుంటే ఆ దిక్కు పోండ్రి. మనకాడ ఎట్లాగూ లేవు" అన్నాడు.

ఇంతవరకు ఇది నాకు వినోదమే. ఒకరోజు ఓపీ ముగిసే వేళ దేవదానం ఖాకీ బట్టల్లోనే నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. సముద్ర ప్రయాణం తనకు పడదని ఒక కాగితం రాసిమ్మన్నాడు. తల తిరుగుడు రోగమని రాస్తే చాలునట. తన భార్య నా మాట కాదనదట. బొంబాయి పడవ ఎందుకు కోరుకున్నాడో కూడా అప్పుడే తెలిసింది. తప్పించుకునే దారి లేకపోతే కనీసం సాయంత్రానికి నేల మీద ఉండవచ్చని.

మరి సాంబారు సంగతి ఏమిటని అడిగాను.

"సాంబారు తప్పేం లేదు సార్," అన్నాడు తల వంచుకుని. "నేను సాంబారు దాకా పోనే లేదు."

వైద్య ధ్రువపత్రం ఊరికే రాసిచ్చే చీటీ కాదు. పరీక్షించి, రిజిస్టరులో ఎక్కించి, సంతకం చేసి ముద్ర వేసి ఇవ్వాలి. పైగా డ్రైవర్లకు డిపో వాళ్లు ఎప్పటికప్పుడు కంటి పరీక్ష, ఆరోగ్య పరీక్ష చేయిస్తారు. తల తిరుగుడు ఉందని ప్రభుత్వ డాక్టరు రాసిన కాగితం వాళ్ల కంటపడితే, సముద్రం సంగతి అటుంచి రాయచూరు రోడ్డుకు కూడా పనికిరావని స్టీరింగు మీంచి దించేస్తారని చెప్పాను. దేవదానం కాగితం మాట అక్కడే వదిలేశాడు. వెళ్తూ వెళ్తూ, సుగుణమ్మకు తెలియనివ్వవద్దన్నాడు.

మరునాడు మందులు తెప్పించే ఇండెంటు మీద సంతకం కోసం వచ్చిన సుగుణమ్మ సంతకం అయ్యాక కూడా కదల్లేదు. ప్రయాణపు వాంతికి వాడే మాత్రలు కొన్ని కావాలంది. వాటిని బలానికి మాత్రలని నేను దేవదానానికి చెప్పి ఇవ్వాలి. వాంతి మాత్ర అంటే పరువు పోయిందని ముట్టడు. బలం మాత్ర అంటే అడిగి మరీ మింగుతాడు.

ఆమెనూ సాంబారు గురించి అడిగాను.

"నేను గూడ అదే తిన్న సార్. మంచిగనే ఉండె."

వేరే పేరు చెప్పి మందు ఇవ్వకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠాల్లో ఒకటి. ఆమెకు తెలియనిది కాదు. దానికి తోడు ఆ మాత్రకు నిద్ర వస్తుంది. బలం వస్తుందనుకుని డ్యూటీ రోజున కూడా మింగితే బస్సు నిండా ఉన్న జనంతో స్టీరింగు మీద తూగుతాడు. ఆ మాట అనగానే సుగుణమ్మ తన కోరికను తానే వెనక్కు తీసుకుంది. వెళ్తూ ఆమె కూడా ఆయనకు తెలియనివ్వవద్దనే అంది.

రోగి చెప్పిన రహస్యాన్ని డాక్టరు బయటపెట్టకూడదు. భార్యాభర్తల మధ్యనైనా అంతే. ఆ విధంగా ఇద్దరి గుట్టూ నా దగ్గర ఉండి, ఎవరికీ ఏమీ చెప్పలేని స్థితిలో పడ్డాను. మధ్యలో డ్రెస్సింగ్ రూములో వాదన ముదిరింది. ఆయన రాకపోతే అక్కను తీసుకుని పోతానని సుగుణమ్మ అన్నదట. పొమ్మని దేవదానం అన్నాడట. మధ్యాహ్నం భర్తకు కూడా కలిపి తెచ్చే అన్నం క్యారియరును రెండు రోజులు ఆమె తన ఒక్కదానికే సరిపడా తెచ్చుకుంది. వార్డులో థర్మామీటర్లు ఎక్కువగా పగిలాయి.

నెలకొకసారి కృష్ణా నది నడిమి గడ్డ మీదున్న ఒక ఊరికి టీకాలు వేయడానికి వెళ్లేవాళ్లం. ఒడ్డు దాకా జీపు, అక్కడి నుంచి పుట్టి. పుట్టి అంటే వెదురుతో అల్లి, కింద తారు పూసిన పెద్ద గుండ్రని బుట్ట. ముందూ వెనకా లేని పడవ. ఆ నెల దేవదానానికి వారపు సెలవు రోజే క్యాంపు పడింది. సామాను మోయడానికి మనిషి తక్కువయ్యాడని చెప్పి అతన్ని వెంట రమ్మన్నాను. అతనికి నీళ్ల మీద నిజంగా ఏమవుతుందో కళ్లారా చూడాలన్నది నా ఉద్దేశం. దీన్ని వైద్యంలో పరిశీలన అంటారు. సుగుణమ్మ తరవాత దీనికి వేరే పేరు పెట్టింది.

పైన వానలు పడి నది నిండుగా ఉంది. పుట్టి నడిపే ఎల్లప్ప తెడ్డు వేస్తుంటే పుట్టి గిర్రున తిరుగుతూ సాగింది. నడిమికి వచ్చేసరికి దేవదానం మాట ఆగిపోయింది, నుదుట చెమట పట్టింది. నేను వెంటనే అతని మణికట్టు పట్టుకుని, నా గడియారంలో సెకన్ల ముల్లు మీద చూపు నిలిపి నాడి లెక్కపెట్టసాగాను. ముల్లు ఒకవైపు, పుట్టి ఒకవైపు, నది ఒకవైపు తిరిగాయి. లెక్క పూర్తికాకముందే నేను అంచు మీదికి వంగి, పొద్దున తిన్న ఉప్మా మొత్తం కృష్ణమ్మకు సమర్పించుకున్నాను. అది చూసి అంతదాకా పళ్లు బిగపట్టి ఉన్న దేవదానం కూడా నా పక్కనే వంగాడు. పుట్టి ఒరిగింది.

ఎల్లప్ప తెడ్డు ఆపకుండా, "ఒకలు ఇటు, ఒకలు అటు వంగుండ్రి సారూ. పుట్టి సమంగుంటది" అన్నాడు.

ఆ సలహా పాటించాం. సుగుణమ్మ టీకాల ఐస్ డబ్బాను ఒడిలో పెట్టుకుని, ఇంట్లో పీట మీద కూర్చున్నంత నిమ్మళంగా కూర్చుని, ఇటు నాకొక దూది ముక్క, అటు ఆయనకొక దూది ముక్క అందించింది.

గడ్డ ఎక్కి ఒక బండ మీద ముగ్గురం కూర్చున్నాం. దేవదానం నీళ్లకు వీపు తిప్పి కూర్చున్నాడు. డాక్టరే కక్కుకున్నాక తనకు దాచవలసింది ఏమీ మిగలలేదనుకున్నాడేమో, మెల్లగా అన్నాడు.

"సుగుణా, అది సాంబారు కాదే."

"తెలుసు" అంది ఆమె. "నాకు కొచ్చిన్ అయినా ఒకటే, బొంబాయి అయినా ఒకటే. అప్పుడు డెక్కు మీద ఒక్కదాన్నే నిలబడిన. చేపలు ఎగిరినయి. గటు చూడు అందామంటే పక్కన మనిషి లేకుండె" అంది.

దేవదానం లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చి, ఐస్ డబ్బా భుజానికెత్తుకుని ఊరివైపు నడిచాడు. ఆరోజు టీకాలన్నీ సుగుణమ్మే వేసింది, నేను పేర్లు రాసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో దేవదానం తెడ్డు తనకిమ్మని ఎల్లప్పను అడిగాడు. ఉట్టిగా కూర్చోవడం తనవల్ల కాదన్నాడు. అతను నడిపితే పుట్టి ఇంకా ఎక్కువ తిరిగింది. ఎక్కిన రేవుకు చాలా దిగువన ఎక్కడో ఒడ్డుకు తగిలి, జీపు దాకా బురదలో నడవవలసి వచ్చింది. అయితే అతనికి వికారం కలగలేదు. నాకు మళ్లీ కలిగింది.

అప్పుడు నాకు వైద్య కళాశాల మొదటి ఏడాది పాఠం గుర్తొచ్చింది. శరీరపు కదలికను చెవి లోపలి భాగం కనిపెడుతుంది. కంటికి కనిపించేదీ చెవికి తెలిసేదీ ఒకదానికొకటి పొసగనప్పుడు వికారం పుడుతుంది. నడిపేవాడికి మలుపు ముందే తెలుస్తుంది కనుక వాంతి రాదు. వెనక కూర్చున్నవాడికి తెలియదు. ఇరవై ఏళ్లుగా స్టీరింగు పట్టినవాడు ఓడలో మొదటిసారి ప్రయాణికుడయ్యాడు. అతనికి ఉన్నది తల తిరుగుడు రోగం కాదు.

మరునాడు ఇద్దరినీ నా ఎదుట ఒకే బల్ల మీద కూర్చోబెట్టి తీర్పు చెప్పాను. బొంబాయి పడవలో ప్రయాణం తక్కువే గానీ, అలల మీద ఎగిరెగిరి పడుతుంది. బొమ్మల్లో చూస్తే తలుపులు మూసిన గదిలో సీట్లు తప్ప నిలబడే చోటు కనిపించలేదు. కొచ్చిన్ ఓడ పెద్దది. నడుమ, కింది అంతస్తులో గది అడిగి తీసుకోవచ్చు. పగలు డెక్కు ముందుభాగంలో నిలబడి దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూడవచ్చు. చలికాలంలో సముద్రం కూడా నెమ్మదిగా ఉంటుందని చదివాను. మాత్రను దాని అసలు పేరుతోనే, సెలవు రోజుల్లో మాత్రమే వేసుకోవాలి.

"అంటే సార్, నేను ఏరుకున్న ఓడే నాకు పడదన్నట్టు" అన్నాడు దేవదానం. అవునన్నాను. నడుమ జాగా అన్న మాట మొదట తనదేనని ఖాజా సాబ్ ఆ వారమంతా రోగులకు మందులతోపాటు పంచాడు.

డిసెంబరులో వెళ్లి వచ్చారు. జరిగింది సుగుణమ్మ చెప్పింది. మొదటి పూట మాత్ర వేసుకుని దేవదానం నిద్రపోయాడు. లేచాక డెక్కు ముందుకు పోయి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఇక అక్కడి నుంచి కదలలేదు. దీవి దగ్గరపడుతుంటే కుడికాలు బ్రేకు తొక్కేదట. వికారం దగ్గరికి రాలేదు. ఆ సంతోషంలో తన భార్య పెద్ద దవాఖానలో హెడ్ సిస్టరని ఓడలో అందరికీ చెప్పాడు. రెండోరోజు కొంచెం అలలు లేచి సగంమంది ప్రయాణికులు పడిపోయేసరికి, ఓడ డాక్టరు ఒక్కడే చాలక ఆమె సాయం అడిగాడు. ఆ రోజంతా ఆమె కింద గదుల్లో బేసిన్లు, మాత్రలతో గడిపింది. దేవదానం గంటగంటకూ మెట్లు దిగి వచ్చి పైన ఏం కనబడిందో చెప్పి పోయాడు.

"డాల్ఫిన్ చూసిండట. బర్రెదూడంత ఉందన్నడు. నాకు నవ్వాగలే" అంది సుగుణమ్మ. మిగిలిన రోజుల్లో ఇద్దరూ కలిసే చూశారట.

సంక్రాంతి వెళ్లకముందే తరవాతి ప్రయాణం మీద వాదన మొదలైంది. అండమాన్ దారిలో సముద్రాన్ని తాను చూడనట్టే కనుక మళ్లీ అటే పోదామని దేవదానం అన్నాడు. ఎవరికీ బేసిన్ పట్టే పని లేకుండా పొద్దున ఎక్కి సాయంత్రం దిగే బొంబాయి పడవే తనకు కావాలని సుగుణమ్మ అంది. ఇద్దరూ కలిసే నా గదికి వచ్చి తీర్పు అడిగారు. ఈసారి ఎవరికీ రోగం లేదు కనుక ఇది నా పరిధిలోకి రాదని చెప్పి పంపేశాను.

ఒకే బాధ గురించి భార్యాభర్తలు విడివిడిగా వచ్చి విడివిడి మందు అడిగితే, ముందు ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాలన్నది ఈ ఉదంతం నాకు నేర్పిన మొదటి సంగతి. పరీక్షించేవాడు రోగి ఎక్కిన పడవ ఎక్కితే పరీక్ష చెడుతుందన్నది రెండోది. తరవాత నల్గొండ జిల్లాకు బదిలీ అయి చిట్యాలలో పనిచేశాను. విజయవాడ రోడ్డు మీద బస్సులు దిగి వాంతులతో వచ్చేవాళ్లు అక్కడ రోజూ ఉండేవారు. ఏం తిన్నావని అడిగే ముందు, ఎక్కడ కూర్చున్నావని అడిగేవాణ్ణి. చాలామందిని మందు లేకుండానే, ముందు సీటు అడిగి రోడ్డు చూస్తూ కూర్చోమని చెప్పి పంపించాను.