బస్తాలు తొంగి చూడవు

మా అత్తమ్మ పోయిందంటే గద్వాలలో మా వీధివాళ్లు వెంటనే నమ్మలేదు. "నిజమేనా? సరిగ్గ చూసిండ్రా?" అని అడిగారు. నాకు కోపం రాలేదు. ఏ మాటనైనా రెండోసారి అడగాలని వాళ్లకు నేర్పింది ఆమే.

పోయిన నెల ఒక పొద్దున ఆమెను మంచం మీదనుంచి నేలకు దించాం. కాసేపటికే ఊపిరి ఆగింది. అంతకు ముందురోజు హకీం కషాయం కలిపి ఇస్తే, "ముందుగాల నువ్వొక గుక్క తాగు, నేను సూస్త" అన్నది. పాపం, ఆయన తాగాడు. ఆమె ఆయన ముఖం వంక చాలాసేపు చూసి, అప్పుడు గిన్నె అందుకుంది.

మాది నేత ఇల్లు. చీర అంచును తడి వేలితో రుద్దిచూడనిదే ఆమె రంగును నమ్మేది కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అన్నం వార్చగానే పైన ఒక మెతుకు, అడుగున ఒక మెతుకు తీసి నలిపేది. "పైన ఉడికితే కింద ఉడికినట్టేనా?" అనేది. అది నామీద అనుమానమే అనుకుని చాటుగా ఏడ్చేదాన్ని. తను వండిన అన్నాన్ని కూడా అట్లాగే నలుపుతుందని తరువాత చూశాను.

యుద్ధం రోజుల్లో మా ఊరవతల వాగు మీద ఎత్తుగా ఒక ట్రాలీ బాట కట్టారు. రాతి కంబాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద పలకలు, పట్టాలు. ఇనుము దొరకని కాలం కనుక దూలాలన్నీ చెక్కవే. అవతలి పల్లెల పత్తిని మిల్లుకు చేర్చడానికి కట్టారు గాని, వాగు పొంగినప్పుడు మనుషులు కూడా దాటవచ్చన్నారు. దాని బలం పరీక్షించడానికి పట్నం నుంచి ఇంజినీరింగు చదివే పిల్లలు వచ్చారు. వాళ్లలో మా చిన్న మరిది ఒకడు.

ఇసుక బస్తాలు పేర్చి చూశారు. నిలిచింది. బాట కట్టించిన గుత్తెదారు సంతోషించాడు. కాని మనుషులు నడిచే బాటను మనుషులతో కూడా పరీక్షించాలని పిల్లలు పట్టుబట్టారు. ఎంత బరువు ఎక్కిందో తెలియాలి కదా, అందుకని ఒక్కొక్కరూ ముందు మిల్లు కాంటా మీద తూగాలన్నారు.

దానితో ఊరంతా పుకారు గుప్పుమంది. మా వైపు మనిషిని ఊరికే తూచరు. మొక్కు ఉంటేనే తూకం, అప్పుడు అవతలి తట్టలో బెల్లం ఉంటుంది. మొక్కు లేకుండా తూస్తున్నారంటే అది బలికేనని, కంబం కింద పెట్టడానికి తగిన మనిషిని వెతుకుతున్నారని అనుకున్నారు. తల్లులు పిల్లల్ని లోపల పెట్టి గొళ్లాలు వేశారు. నేనూ వేశాను.

వానలు దగ్గరపడ్డాయి. ఎవరూ రాకపోతే బస్తాల పరీక్షతోనే బాట తెరుస్తారు. వాగు పొంగిందంటే ఇక ఎవరాపినా జనం ఆగరు. మరిది ఇంటికి వచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏందిరా, మంచిగ నిలబడ్డదాన్ని ఇరగ్గొడ్తరా?" అన్నది అత్తమ్మ.

"ఇరగ్గొట్టమమ్మా. బరువెక్కితె జర వంగుతది. వంగుడు తప్పు గాదు. దించినంక మళ్ల లేవాలె. లేస్తదా లేదా, గదే పరీక్ష."

"గది ఎవరు సూస్తరు?"

"నేనే. దూలం కింద కొలబద్ద పట్టుకోని కూసుంట."

"కిందనే ఉంటవా?"

"నీ మీద ఒట్టు."

"సదువుకున్నోని ఒట్టు ఎవడు తూసిండు?" అని గొణుక్కుంటూ లేచి, ఉట్టి మీది బెల్లం ముద్ద కొంగున కట్టుకుంది.

మిల్లులో తూకపు రాళ్ల మీద ఆ ముద్ద పెట్టించింది. "తల్లీ జములమ్మా, ఈ బాటన పోయేటోళ్లంత సల్లగ ఇల్లు చేరాలె. ఇగ ఇది మొక్కే" అని మొక్కి, ఎదుటి తట్టలో కూర్చుంది.

"నీ అనుమానమే సగం బరువుందక్కా!" అన్నది పక్కింటి నేతామె.

"నవ్వు నవ్వు. నీ నోరు తూస్తె మిల్లుల రాళ్లు సాలవు."

అందరూ నవ్వారు. ఆ నేతామే తరువాత తట్ట ఎక్కింది. ఆ ఒక్క ముద్దతోనే ఆడవాళ్లందరి మొక్కూ తీరింది.

తూగినవాళ్లమంతా చెప్పిన చోట కదలకుండా బాట మీద నిలబడ్డాం. కింద మరిది ఉన్నాడు. అంతా సవ్యంగా ఉండగా అత్తమ్మ, "వాడు నిజంగనే కూసున్నడా?" అని ఒక పక్కకు వంగి తొంగి చూసింది. "ఏడీ? ఏడీ?" అంటూ మేమంతా ఆ పక్కకే ఒరిగాం. కాళ్ల కింద పలక కిర్రుమంది.

"ఒక్క దిక్కు రాకుండ్రి! మెల్లగ దిగుండ్రి!" అని కిందినుంచి కేక.

"నేను ఎక్కించిన, నేనే ఆఖరుకు దిగుత" అని అత్తమ్మ అక్కడే నిలబడింది. మేమంతా దిగాక దిగింది.

గట్టున కూర్చుని ఎదురుచూశాం. ఒక దూలం లేచింది. మేము ఒరిగిన వైపు దూలం లేవలేదు.

గుత్తెదారుకు కోపం వచ్చింది. "ఆడోళ్లు గట్ల ఒరిగితె ఏదైన వంగుతది. బస్తాలు పెట్టినప్పుడు ఏం గాలె!"

"బస్తాలు తొంగి చూడవు సాబ్" అన్నాడు మరిది. "మనుషులు చూస్తరు."

ఆ దూలం విప్పితే లోపల నిలువునా పగులు కనిపించింది. వానలు పడకముందే మార్చారు. ఆ ఏడు వాగు పొంగినప్పుడు అందరూ ఆ బాటనే దాటారు. అత్తమ్మ మాత్రం మళ్లీ ఎన్నడూ ఎక్కలేదు. "ఒకపారి సూసిన గద, సాలు" అనేది.

మరిది చెప్పిన మాటను మాత్రం ఆమె విడిచిపెట్టలేదు. నా చంటిబిడ్డ పోయినప్పుడు అందరూ నన్ను ఏడవొద్దన్నారు. "వంగనియ్యుండ్రి. లేస్తదా లేదా నేను సూస్తుంట" అన్నది ఆమె ఒక్కతే. ఎన్నో రోజులు పొద్దున్నే వచ్చి, మెతుకు నలిపి చూసినంత శ్రద్ధగా నా ముఖం చూసి వెళ్లేది.

కర్మ అయిపోయిన మరునాడు ఇల్లు సర్దుతున్నాను. ఆమె నులక మంచం నడుమ ఆమె పడుకున్నంత మేర గుంట పడి ఉంది. కుంగిన మంచం కనబడితే బిగించకుండా ఉండలేను నేను. విప్పి బిగించడానికి కాళ్ల వైపు తాళ్లు పట్టుకున్నాను.

మరిది వచ్చి మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. తల వంచి నులకను కిందినుంచి చూశాడు.

"జర ఆగు వదినె," అన్నాడు. "ఇప్పుడే బిగియ్యకు. లేస్తదేమొ సూద్దాం."

తాళ్లు వదిలేసి నేనూ అతని పక్కన కూర్చున్నాను.