గోవిందప్ప ఉమ్మి చెప్పిన మాట

మడకశిర దగ్గరి పల్లెలో గొర్రెలు మేపుకునే గోవిందప్ప, పోలీసులు అడగ్గానే ముందుకొచ్చి నోరు తెరిచిన మొదటి మనిషి. పన్నెండేళ్ల కిందట గంగాదేవిని ఎవరో వేరుశనగ చేనులో చంపేశారు. ఆమెను మంచం మీద ఊళ్లోకి మోసుకొచ్చిన నలుగురిలో అతనొకడు. చంపింది మొగుడు ఈరన్నేనని ఊరంతా అంది. సాక్ష్యం దొరక్క పోలీసులు ఈరన్నను వదిలేశారు గాని ఊరు మాత్రం అతన్ని వదల్లేదు. గంగాదేవి తల్లి బయమ్మ చీపురు పట్టుకుని అల్లుణ్ణి వాకిట్లోంచి తరిమింది. అతను రాయదుర్గం పోయి జీన్స్ ప్యాంట్లు కుట్టే పనిలో చేరాడు.

ఇన్నేళ్లకు ఆ కేసు మళ్లీ తెరిచారు. గంగాదేవి గోళ్ల కింద దొరికిన చర్మాన్ని కొత్తగా పరీక్ష చేయించి, దానితో పోల్చి చూసేందుకు ఊళ్లో మగవాళ్లను ఇష్టముంటే ఉమ్మి ఇవ్వమన్నారు. గోవిందప్ప దూదిపుల్లతో చెంప లోపల రుద్దించుకుని, కాగితం మీద సంతకం పెట్టి, మంద దగ్గరికి పోయాడు.

రెండు నెలలకు ఇన్‌స్పెక్టర్ జీపులో వచ్చాడు.

“నువ్వు కాదు గోవిందప్పా. కానీ మీ వంశంలో మగోడే. నీకు దగ్గరి రక్తం.”

గోవిందప్పకు పిల్లల్లేరు. అన్న తిమ్మప్ప పోయి ఆరేళ్లు. మిగిలింది అన్న కొడుకు, ముప్పై ఏళ్ల తిప్పేష్ ఒక్కడే. మర్నాటి నుంచి తిప్పేష్‌ను పొద్దున్నే స్టేషన్‌కు పిలిచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టసాగారు. ఉమ్మి ఇస్తావా, ఇవ్వవా అని ఒకటే అడగడం. టీ అంగట్లో అతను కూర్చుంటే పక్కవాళ్లు లేచిపోయేవాళ్లు.

తన నోటితో తానే పిల్లవాణ్ణి పట్టిచ్చినట్టయింది గోవిందప్పకు. నాలుగో రోజు మందను భార్యకు అప్పగించి, మడకశిరలో లాయరు మల్లీశ్వరి దగ్గరికి పోయాడు.

“నేనిచ్చింది నా ఉమ్మి గదమ్మా! మా అన్న కొడుకును పట్టుకోమని నేను యాడ చెప్పినా?”

ఆమె ఆ కాగితం నకలు తెప్పించి చదివింది.

“ఇందులో నీ ఒక్కని పరీక్షకే ఒప్పుకున్నట్టు ఉండాది. ఒకరి ఉమ్మి పట్టుకుని వాళ్ల బంధువుల్ని ఎంతవరకు వెతకొచ్చో చెప్పే చట్టం మనకింకా విడిగా లేదప్పా. అందుకే జడ్జి గారినే అడుగుదాం.”

కోర్టులో అవతలి లాయరు, చచ్చిపోయిన ఆడమనిషికి న్యాయం అక్కర్లేదా అని అడిగాడు. వెనక బెంచీలో బయమ్మ కూర్చుని ఉంది. గోవిందప్ప తల ఎత్తలేకపోయాడు. ఆ మాటలో తప్పు లేదని అతనికీ తెలుసు.

జడ్జి రెండు పక్షాలూ విని ఉత్తర్వు ఇచ్చాడు. తిప్పేష్‌ను ఊరికే స్టేషన్‌కు పిలవకూడదు. ఇష్టపడి ఇస్తేనే, కోర్టులో లాయరు ముందర ఉమ్మి తీసుకోవాలి. దాన్ని ఈ ఒక్క కేసుకే ఉపయోగించి, అతను కాదని తేలితే దాన్ని నాశనం చేయాలి. ఇవ్వనన్నంత మాత్రాన దోషిగా చూడకూడదు.

బయటికొచ్చాక తిప్పేష్ చాలా రోజులకు నవ్వాడు. గోవిందప్పకు నవ్వు రాలేదు. వీడు కాదని అతనికి గట్టి నమ్మకం. మరి ఎవరు? గంగాదేవి పోయిన రోజు అన్న మొహం మీద గీరుకుపోయిన గాట్లు కళ్లముందు కదిలాయి. కంపచెట్టు గీరిందన్నాడు అన్న. వాటికి పసుపు పూసింది తనే.

బస్టాండులో మనసు ఆపుకోలేకపోయాడు.

“తిప్పేషా, నువ్వియ్యకపోతే అడిగేటోడు లేడు. ఇస్తే మీ నాయన పేరు బయటికొస్తాదేమో. నాకట్లే అనిపిస్తాండాది.”

“ఏం మాట్లాడతాండావు చిన్నాయనా!” తిప్పేష్ విసురుగా లేచి దూరంగా పోయి నిలబడ్డాడు. రెండు బస్సులు వచ్చి పోయాయి. మూడోది వచ్చేసరికి దగ్గరికొచ్చాడు.

“ఈరన్న మామ పన్నెండేండ్లు మోసినాడు గదా. నేను నాలుగు దినాలకే చచ్చేట్టయినా. ఇస్తా.”

ఇచ్చాడు. చంపింది తిప్పేష్ కాదని, అతన్ని కన్న తండ్రేనని తేలింది.

పోలీసులు చెప్పకముందే గోవిందప్ప బయమ్మ ఇంటికి పోయి, గడప బయటే నిలబడి విషయం చెప్పాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ముందున్న చింతపండులో గింజలు తీస్తూనే అడిగింది.

“సచ్చినోణ్ణి ఏం చేస్తాం? బతికుండేవాణ్ణి నేను సంపినా. ఈరన్న యాడుండాడో తెలుసునా?”

“రాయదుర్గంలో ఉండాడక్కా.”

“పోదాం పా. ఒక్కదాన్నే ఆయప్ప మొగం సూడలేను.”

మర్నాడు ఇద్దరూ బస్సెక్కారు. కుట్టుమిషన్ల మధ్య నుంచి, నీలం దారప్పోగులు అంటిన చొక్కాతో ఈరన్న బయటికొచ్చాడు. బయమ్మ సంగతి చెప్పి దండం పెట్టబోతే ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు.

“వద్దత్తా. నువ్వట్ల చేయొద్దు.”

ఈరన్నే గోవిందప్పకు టీ తెప్పించాడు. బయమ్మ ఊరికొచ్చి ఉండమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు. గంగాదేవి తిథి రోజున వచ్చి పోతానన్నాడు.

అన్నట్టే వచ్చాడు. ఆ రోజు తిప్పేష్ రోడ్డు దాకా ఎదురుపోయి, బండి మీద ఎక్కించుకొచ్చాడు.